ఎడమ అంచు తప్పు

"నాన్నా, టీలో చక్కెర చాల్లేదని చెప్పు."

చెప్పాల్సిన మనిషి అదే బల్ల దగ్గర, మూడడుగుల దూరంలో కూర్చునుంది. ముసలాయన కొడుకు వంక ఓసారి, కోడలి వంక ఓసారి చూసి, చక్కెర డబ్బా తెచ్చి ఇద్దరికీ మధ్యలో పెట్టాడు.

"నేను ప్రూఫ్‌రీడరుగా రిటైరయ్యాన్రా, పోస్ట్‌మాన్‌గా కాదు," అన్నాడు.

గురువారం సాయంత్రం నుంచీ ఇదే వరస. శనివారం పొద్దునకి కూడా మొగుడూ పెళ్లాం నేరుగా ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఇంట్లో గిన్నెలకి కూడా ఆ సంగతి తెలిసినట్టు, ఎవరు ఏది పెట్టినా చప్పుడెక్కువ వస్తోంది.

గొడవంతా చదరంగం గురించే. కొడుకు పనిచేసేది చదరంగం ప్రోగ్రాములు చేసి అమ్మే కంపెనీలో. తెర మీద కనిపించే బోర్డూ, ఆడినవాడికి ఎక్కడ తప్పాడో ఓపిగ్గా చెప్పే పాఠాలూ తొమ్మిదేళ్లుగా ఆయన చేతి పనే. ఎత్తులు ఆలోచించే భాగాన్ని మాత్రం, ఇంట్లో వాళ్లు బుర్ర అని పిలిచేదాన్ని, కంపెనీ ఇన్నాళ్లూ బయట నుంచి అద్దెకి తెచ్చుకునేది. ఈసారి సొంత బుర్ర తయారైంది. సోమవారం ఊళ్లోని చదరంగం క్లబ్బుల వాళ్లందరినీ పిలిచి, పెద్ద హాల్లో దాన్ని చూపించబోతున్నారు. గురువారం సాయంత్రం ఆయన ఆ ప్రోగ్రాముని అందరికంటే ముందు ఇంటికి తెచ్చాడు, కొత్తగా పుట్టిన బిడ్డని ఎత్తుకొచ్చినంత మురిపెంగా.

ఆమె ఉద్యోగం తూనికలు కొలతల ఆఫీసులో. వీధి వీధంతా ఇన్‌స్పెక్టరమ్మ అనే పిలుస్తుంది. మామగారు కూడా అంతే. పగలంతా కొట్లలో తక్కెళ్లు పరీక్షించి, సాయంత్రం ఇంటికొచ్చి తనూ ఒక చదరంగం ప్రోగ్రాము రాస్తుంది. అది అమ్మేది కాదు. ఎక్కడెక్కడి వాళ్లో నలభై మంది కలిసి, ఆరేళ్లుగా ఊరికే రాసి ఊరికే ఇచ్చేది. ఎవరైనా తీసుకోవచ్చు, కావాలంటే అమ్ముకోవచ్చు కూడా. షరతులు రెండే. ఎవరిదో చెప్పాలి. మార్పులు చేస్తే, మార్చిన రాతని కూడా నలుగురికీ తెరిచి పెట్టాలి.

ఒకళ్లు నీళ్లమ్మే కొట్టు, ఇంకొకళ్లు వీధి కుళాయి, ఒకే ఇంట్లో ఎలా కాపురం చేస్తున్నార్రా అని ముసలాయన నవ్వుతుండేవాడు. తొమ్మిదేళ్లు బాగానే చేశారు. గురువారం దాకా.

ఆ రోజు ఆమె కొత్త బుర్రకి ఒకే ఒక్క పరీక్ష పెట్టింది. కొట్లో తక్కెడ కనిపిస్తే చెయ్యి దానంతటదే తూకం రాయి కోసం వెతికినట్టు, అలవాటు కొద్దీ. బోర్డు మీద తెల్లవాడికి రాజు, ఒక బిషప్, కుడి అంచున ఒక బంటు ఉంచింది. నల్లరాజుని ఆ బంటు చేరాల్సిన మూలలో కూర్చోబెట్టింది. బిషప్ నడిచే గళ్ల రంగు, మూల గడి రంగు వేరైతే నల్లరాజుని అక్కణ్నించి ఎవరూ లేపలేరు. ఆట డ్రా. పదేళ్ల పిల్లలకి కూడా తెలిసిన విషయం. బుర్ర కూడా డ్రా అనే చెప్పింది.

అప్పుడామె అదే అమరికని ఎడమ అంచుకి మార్చింది. అద్దంలో బొమ్మలాంటిది, ఆట మారదు. బుర్ర మాత్రం తెల్లవాడు గెలుస్తాడంది. ఎంత తేడాతోనంటే, నాలుగు పాయింట్ మూడు ఏడు.

ఆ అంకెని ఆమె చూడగానే గుర్తుపట్టింది. రెండేళ్ల కిందట ఆమె ప్రోగ్రాములో సరిగ్గా అదే చోట, సరిగ్గా అదే అంకెతో, ఆమె చేసిన తప్పది. కుడి అంచు, ఎడమ అంచు అని రాయాల్సిన చోట, పరధ్యానంలో రెండుసార్లూ కుడి అంచే రాసింది. ఒక్క అక్షరం.

"ఈ బుర్ర మీది కాదండీ, మాది," అంది.

ఆయన మూతి అప్పుడు ముడుచుకున్నది ఇంకా విచ్చుకోలేదు.

టీ తాగడం అయ్యాక ఆయనే మౌనం వీడాడు. అదైనా నేరుగా కాదు. కిటికీతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. చదరంగం అందరికీ ఒకటేనట. సూత్రాలు ఒకటే, లెక్కలు ఒకటే. ఇద్దరు ఒకే దారిలో ఆలోచిస్తే ఒకే గోతిలో పడటం వింతేమీ కాదట.

ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తొందరపడే అలవాటు ఆయనకి లేదు.

"మా ప్రెస్సులో వేసిన లెక్కల పుస్తకాన్ని ఒకడు దొంగచాటుగా అచ్చేసి సగం ధరకి అమ్మాడ్రా. కోర్టులో వాడి ప్లీడరు కూడా ఇదే మాటన్నాడు. రెండూ రెండూ నాలుగనేది మీ తాతగారి ఆస్తా అన్నాడు. నిజమే కదా, కాదనేదెలా? అప్పుడు మా మేనేజరు నూట పన్నెండో పేజీ తీశాడు. అందులో త్రిభుజం అనాల్సింది త్రిభజం అని పడింది. నేను చూడక వదిలేసింది. వాడి పుస్తకంలోనూ త్రిభజమే ఉంది." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఒప్పులు ఎవరివైనా ఒకేలా ఉంటాయి. తప్పులు ఉండవు. ముప్పయ్యేళ్ల నా ఉద్యోగంలో ఎవరికైనా పనికొచ్చిన తప్పు అదొక్కటే."

కొడుక్కి ఒళ్లు మండింది. ఈసారి కిటికీని వదిలేసి భార్య వైపే తిరిగాడు. ఊరికే ఇచ్చేవాళ్లకి ఒక గర్వం ఉంటుందన్నాడు. డబ్బు తీసుకునేవాళ్లంతా దొంగల్లా కనిపిస్తారన్నాడు. ఇంతా చేసి మీ ఉచిత ప్రోగ్రాము తెరిస్తే ఏముంది, నల్లటి తెర మీద తెల్లటి అంకెలు, దాన్ని వాడటానికి ఇంకో ప్రోగ్రాము తెచ్చుకోవాలి, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పే నాథుడుండడు, నాన్నే రెండు రోజులు చూసి దణ్నం పెట్టేశాడు అన్నాడు.

అందులో అబద్ధం లేదు. ముసలాయన ఆ కంపెనీ ప్రోగ్రాముకే ఏటా చందా కడతాడు. కొడుకు ఊరికే తెచ్చిస్తానన్నా ఒప్పుకోడు, తన పెన్షన్లోంచే కడతాడు.

"మధ్యలోకి నన్ను లాగావు కాబట్టి చెప్తాను," అన్నాడు ముసలాయన. "బలం కోసమైతే పైసా కట్టక్కర్లేదు. కోడలి బుర్ర లోకంలో ఎవణ్నైనా ఓడిస్తుంది. కానీ నన్ను ఓడించడానికి అంత బుర్రెందుకు, పక్కింటాయన చాలు. ఓడాక ఎందుకు ఓడానో నాకు అర్థమయ్యేట్టు చెప్పేది నీ ప్రోగ్రాము. దానికి కడుతున్నాను. పోటీలకెళ్లే పిల్లకైతే ఊరికే వచ్చేదే చాలంటాను. నాలాంటి వాడు కొనుక్కుంటే మోసపోయినట్టు కాదంటాను. ఇందులో ఎవరికీ తలవంపులు లేవు."

ఇన్‌స్పెక్టరమ్మ తలూపింది. ఆ మాట ఆమె తనూ ఎన్నోసార్లు అన్నదే.

"మీరు అమ్మేది మీ పాఠాలండీ," అంది భర్తతో. "వాటికి డబ్బు తీసుకోండి, తలెత్తుకుని తీసుకోండి. ఆ పాఠాల్లాంటివి రాయడం మా నలభై మందిలో ఒక్కరికీ చేతకాదు. మా బుర్ర కూడా వాడుకోండి, వద్దనడం లేదు. మా రాయి తూకంలో వేసి మీ రాయని మాత్రం చెప్పొద్దు."

ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "సరే. మీ రాతలో ఏ మార్పు ఏ రోజు జరిగిందో అంతా దాచిపెడతారు కదా. అందరికీ కనిపించేదే కదా. ఆ తప్పు అందులో ఎక్కడుందో చూపించు. చూపిస్తే నేనే వెళ్లి మా కంపెనీ పెద్దాయనతో మాట్లాడతాను."

ఆమె మారుమాట లేకుండా లేచి, పక్క గదిలో తన కంప్యూటరు ముందు కూర్చుంది. ఆయన వెనకాలే వచ్చి నిలబడ్డాడు. రెండేళ్ల మార్పులు ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. అంచు బంటు సంగతి చేర్చిన రోజు దొరికింది. తెరిచింది.

కుడి అంచు, ఎడమ అంచు. రెండూ సరిగ్గా ఉన్నాయి.

దానికి ముందు రోజు చూసింది, తర్వాత రోజు చూసింది. ఆ తప్పు ఎక్కడా లేదు.

"చూశావా," అన్నాడాయన. ఆ గొంతులో గెలుపు కంటే నిట్టూర్పే ఎక్కువ వినిపించింది. "లోకానికి ఇవ్వని తప్పుని మావాళ్లు ఎక్కణ్నించి ఎత్తుకొస్తారు?"

తన జ్ఞాపకం మీద ఆమెకి అనుమానం లేదు. ఆ తప్పు చేసింది తనే, పట్టుకున్నదీ తనే. పట్టుకుని దిద్దాకే మిగతావాళ్లకి పంపింది. అంటే అది ఉన్నది ఈ గదిలో, ఈ కంప్యూటర్లో మాత్రమే. పదకొండు రోజులు.

ఏ పదకొండు రోజులు? తను రాసుకున్న నోట్సు తీసింది. తారీఖులున్నాయి. ఆ ఏడు వానల్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుని, ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే, కాలు స్టూలు మీద చాపుకుని నెలరోజులున్నది ఆడబిడ్డ.

ఆ పిల్లని ఇంట్లో అందరూ నత్త అంటారు. చిన్నప్పుడు తండ్రితో ఆడుతూ ఒక్కో ఎత్తుకి అరగంట తీసుకునేది. అన్నగారి కంపెనీలోనే అప్పుడు కొత్తగా చేరింది. కట్టు విప్పేదాకా వదిన పక్కన కూర్చుని బుర్ర ఎలా రాస్తారో ఓనమాల నుంచి నేర్చుకుంది. కంపెనీ సొంత బుర్ర రాసింది ఆ పిల్లే. సోమవారం వేదికెక్కబోయేదీ ఆ పిల్లే.

ఇన్‌స్పెక్టరమ్మ వెనక్కి తిరిగి చూసింది. తారీఖులు ఆయన కూడా చదివాడు. మేడ మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు.

నత్త ప్రతి శనివారం భోజనానికొస్తుంది. ఆ రోజూ వచ్చింది, వస్తూనే చేతిలో సంచీ ఊపుతూ. సోమవారానికని కొత్త చొక్కా కొనుక్కుందట, లేత నీలం. వదిన చూసి బాగుందంటేనే వేసుకుంటుందట. లోపలికెళ్లి వేసుకునొచ్చి, ధర చీటీ చేతి దగ్గర వేలాడుతుండగానే అటూ ఇటూ తిరిగి చూపించింది.

"బాగుంది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. నిజంగానే బాగుంది. "ఇలా వచ్చి కూర్చో. నీకొక ఆట చూపించాలి."

తెర మీద రాజు, బిషప్, ఎడమ అంచున బంటు.

"గెలుపా, డ్రానా?"

"డ్రా," అంది నత్త. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నువ్వు రాసింది గెలుపంటోంది. నాలుగు పాయింట్ మూడు ఏడు."

ఆ పిల్ల తెర వైపే చూస్తూ ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ తొందరపెట్టలేదు. తక్కువ తూకం తూచినవాళ్లు ఎంత గట్టివాళ్లైనా, రాయి కింద పెట్టాక వాళ్లంతట వాళ్లే మాట్లాడతారని ఆమెకి ఉద్యోగం నేర్పింది.

"నువ్వు దీన్ని దిద్దావని నాకు తెలీదు వదినా," అంది నత్త చివరికి.

తర్వాత అంతా వరదలా వచ్చింది. మొదట నేర్చుకోడానికే కాపీ చేసుకుందట. ఆఫీసులో తన సొంత రాత ఎంతకీ ఆడలేదట, పిల్లలతో కూడా ఓడిపోయేదట. గడువు దగ్గర పడుతుంటే, తాత్కాలికంగా అనుకుని వదిన రాసిందే ఒక ముక్క పెట్టింది. అది పెట్టగానే గెలిచింది. పెద్దాయన భుజం తట్టారు. ఆ తర్వాత ఇంకో ముక్క, ఇంకో ముక్క. తీసేసి తనది రాద్దామని ప్రతి ఆదివారం కూర్చునేది. ఏ ఆదివారమూ కుదరలేదు.

"ఎలాగూ ఊరికే ఇచ్చేదే కదా అనుకున్నాను," అంది, చూపు నేలకి దించి.

"ఊరికే ఇచ్చేదే," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "అడిగుంటే ఆ రోజే ఇచ్చేదాన్ని. పక్కన కూర్చుని సర్ది పెట్టేదాన్ని కూడా. దానికి నేనడిగే ధర పేరు చెప్పడమొక్కటే. నువ్వు ఎగ్గొట్టింది ఆ ధరే. నా ఒక్కదానికే కాదు, నలభై మందికి."

నత్త ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది వదినకి.

దారి లేకపోలేదని ఆమె వివరంగా చెప్పింది. బుర్రని అలాగే ఉంచి, ఎవరిదో పెట్టె మీద రాయొచ్చు. మార్చిన రాత తెరిచి పెట్టొచ్చు. అన్నయ్య పాఠాల కోసం కొనేవాళ్లు అప్పుడూ కొంటారు, నాన్న కొనడం లేదూ? కంపెనీ మునిగిపోదు. కానీ ఆ సంగతి పెద్దాయనకి సోమవారంలోగా తెలియాలి. చెప్పాల్సింది నత్తే.

"చెప్తే నా ఉద్యోగం పోతుంది వదినా."

"పోవచ్చు."

"పోదని ఒక్క మాటనొచ్చు కదా."

"అనొచ్చు. నాకు తెలీనిది అనలేను." ఆమె ఆ పిల్ల చెయ్యి అందుకుంది. "తెలిసింది చెప్తాను. నీ సొంతంగా రాయడం నీకు వచ్చు. నీకు నేర్పిన మనిషిని నేను, నాకంటే ఎవరికి తెలుసు? ఉద్యోగం పోతే రేపట్నుంచి ఈ కుర్చీలోనే కూర్చుని మొదటి నుంచి రాస్తావు. ఒక్క ముక్క కూడా నేను రాసివ్వను. ఆర్నెల్లకో, ఏడాదికో, నీ బుర్ర నీకుంటుంది."

గుమ్మం దగ్గర అలికిడైంది. ఆయన నిలబడున్నాడు, చేతిలో ఫోనుతో. ఎప్పుడు కిందికి దిగాడో ఇద్దరికీ తెలీదు.

"చెప్పక్కర్లేదు," అన్నాడు. "పెద్దాయనకి నేనే ఫోన్ చేసి చెప్పేశాను. నీ కంప్యూటర్లోంచి తీసుకెళ్లి దీనికిచ్చింది నేనేనని. ఎక్కడిదో దీనికి తెలీదని."

నత్త లేచి నిలబడింది. "అన్నయ్యా" అనబోయి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరమ్మకి ముందు కోపం రాలేదు, జాలి వచ్చింది. రెండు రోజులుగా కిటికీకీ చక్కెర డబ్బాకీ చెప్పుకున్న మనిషి, తీరా పెద్దాయనతో మాట్లాడేసరికి ఆడింది అబద్ధం. అదీ చెల్లెలి కోసం. కోపం ఆ వెనకే వచ్చింది.

"ఏ రోజు, ఎవరు, ఎలా అని ఆయన నన్నడుగుతారు," అంది. "నేను అబద్ధం చెప్పనని మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ చెప్పారా?"

"నా తొమ్మిదేళ్లు అయిపోయినవి. దీనివి ఇప్పుడే మొదలయ్యాయి." ఆయన చూపు తిప్పుకోలేదు. "ఆయన బయల్దేరారు. వస్తున్నారు."

వీధిలో కారు ఆగిన చప్పుడైంది. ముసలాయన హాల్లోంచి లేవబోతుంటే నత్త ఆయన్ని దాటుకుని వెళ్లి, తనే తలుపు తీసింది.

కంపెనీ పెద్దాయన పొట్టి మనిషి, అరవై దాటినవాడు. ఒకప్పుడు పోటీల్లో పేరున్న ఆటగాడని చెప్పుకుంటారు. చెప్పులు విప్పుతూండగానే నత్త మొదలుపెట్టింది. మాట తడబడలేదు.

"అన్నయ్య ఫోన్లో చెప్పింది నిజం కాదు సార్. తీసింది నేను. మా వదిన రాసింది, ఆవిడకి చెప్పకుండా తీశాను."

పెద్దాయన రెండో చెప్పు కూడా విప్పి, రెండూ పక్కపక్కన సర్ది పెట్టాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు.

లోపలికి రెండడుగులు వేసి, నలుగురినీ ఓసారి చూశాడు.

"నలభై ఏళ్లుగా ఆడుతున్నాను. ఒక్క పిల్ల, ఏడాది తిరక్కుండా, ఒంటి చేత్తో అంత బుర్ర రాసిందంటే నమ్మేంత అమాయకుణ్నా? మూడు నెలలుగా తెలుసు." ఆయన గొంతులో తప్పుచేసిన జాడ లేదు, వ్యాపారం మాట్లాడేవాడి నిదానం ఉంది. "సోమవారం దాకా ఇంట్లో ఎవరూ గమనించరనుకున్నాను. అక్కడే పొరపాటు పడ్డాను."

అన్నాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలాయన కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇన్‌స్పెక్టరమ్మ ముందుకొచ్చి బల్ల దగ్గర కుర్చీ ఒకటి లాగింది. ఎదురుగా ఇంకోటి లాక్కుని తను ముందే కూర్చుంది.

"కూర్చోండి," అంది. "అయితే ఈ పిల్లతో మీకు పనిలేదు. మా ఆయనతోనూ లేదు. మాట్లాడాల్సింది నాతో."